వైస్ ఛాన్సలర్ గారూ, ఆ సైన్సు పాఠాలకు లాగిన్ తీసేయండి

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి నమస్కారాలతో,

మీ భౌతికశాస్త్ర విభాగం ప్రజాధనంతో తెలుగులో రికార్డు చేయించిన పాఠాలను అందరికీ తెరవమని మేము రాసిన ఉత్తరాలకు రసీదులు తప్ప జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాయాల్సి వస్తోంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పక్క ఊరి బడిలో ఆ పోస్టు ఖాళీ. బయాలజీ మేడమే కాంతి వక్రీభవనమూ చెబుతున్నారు. గాజు దిమ్మె, గుండుసూదులు, డ్రాయింగ్ బోర్డు అన్నీ ఉన్నాయి. కిరణం గాజులోకి పోగానే ఎందుకు వంగిందని పిల్లలు అడిగితే, కాంతి వేగం దాకా వెళ్లి వివరించడానికి ఆమె జంకుతున్నారు. సరిగ్గా అదే ప్రయోగం మీ ఆచార్యులు చేసి చూపిన వీడియోను వేసవి శిక్షణలో మాకు ఒకసారి వేశారు. మళ్లీ చూద్దామంటే లాగిన్ మీ విద్యార్థులకే. వాళ్లు ఆ పాఠం ఎలాగూ క్లాసులో వింటున్నారు కదా!

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన కోర్సులను ఉచితంగా పెడతానని 2001లోనే ప్రకటించింది. మన ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలను ఏ దేశపు ఉపాధ్యాయుడైనా చూడొచ్చు. అయితే అవి ఎక్కువగా ఇంగ్లిష్‌లో, కాలేజీ స్థాయిలో ఉంటాయి. మీ పాఠాలు తమిళనాడులోని హోసూరు తెలుగు బడులకూ పనికొస్తాయి.

జూన్‌లో బడులు తెరిచేలోగా లాగిన్ తీసేయండి. డౌన్‌లోడ్ చేసుకుని కావలసిన ముక్క వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత వినియోగ లైసెన్సు ఇవ్వండి. కుదరదంటే కారణం రాతపూర్వకంగా, బహిరంగంగా తెలియజేయండి.

భవదీయుడు,
ఒక స్కూల్ అసిస్టెంట్