చెంచుల హక్కులు తేల్చాకే తరలింపు మాట: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నల్లమల అడవిలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కోర్ ఏరియాలో, అంటే పులుల కోసం కేటాయించిన లోపలి భాగంలో, ఉన్న ఊళ్లను, చెంచు పెంటలను (అడవి గిరిజనులైన చెంచుల చిన్న ఆవాసాలను) బయటికి తరలించే ప్రయత్నం సాగుతోంది. కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదంటే బయట ఇల్లు, భూమి అన్న మాట ఇక్కడ ఇంటింటా చర్చ. దయచేసి ఆ పని ఆపండి. ముందు ఆ అడవి మీద చెంచుల సామూహిక హక్కులను గుర్తించండి. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే. నేను అచ్చంపేటవాణ్ణి, చెంచును కాను. కానీ నల్లమల లేకపోతే మా ఊళ్ల బతుకు ఏమవుతుందో తెలిసినవాణ్ణి.

ఈ అడవి దశాబ్దాల పాటు తుపాకుల మధ్య నలిగింది. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చర్చలకు నక్సలైట్ నాయకులు బయటికొచ్చింది ఈ నల్లమల నుంచే. 2005 మొదట్లో ఆ చర్చలు తెగిపోయాయి, మళ్లీ కూంబింగులు మొదలయ్యాయి. అన్నం పెట్టారా అని పోలీసులు, కబురు చెప్పారా అని నక్సలైట్లు, ఇద్దరూ నిలదీసింది చెంచులనే. అటవీ సిబ్బంది లోపలి బీట్లకు వెళ్లడానికి జంకిన రోజుల్లో కూడా వాళ్లు పెంటల్లోనే ఉన్నారు. తర్వాత దళాలు వెళ్లిపోయాయి, ప్రభుత్వం అడవిలోకి తిరిగి వచ్చింది. బేస్ క్యాంపులు, కెమెరా ట్రాపులు, సఫారీ జీపులు వచ్చాయి. వాటిలో చాలావరకు అవసరమే. రానిది ఒక్కటే: అడవి గురించి నిర్ణయం చేసేటప్పుడు చెంచు గ్రామసభకు చోటు.

చట్టం ఆ చోటు ఎప్పుడో ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ ప్రకారం, తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని కాపాడే, నిర్వహించే హక్కు ఊరిది. చెంచుల వంటి ఆదిమ తెగలకు అదనంగా తమ ఆవాస ప్రాంతమంతటి మీదా హక్కు ఉంది. వన్యప్రాణుల్ని, నీటి వనరుల్ని కాపాడే అధికారం ఐదో సెక్షన్ గ్రామసభ చేతిలో పెట్టింది. ఇక్కడ హక్కు అనగానే అందరికీ గుర్తొచ్చేది పోడు పట్టా. 2023లో రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు భూములకు పట్టాలిచ్చారు, సంతోషం. కానీ చెంచు బతుకు దున్నే ఎకరంలో ఇమిడేది కాదు. తేనె, తపసి జిగురు, చిల్లగింజలు, కుంకుళ్లు, సారపప్పు, ఇప్పపువ్వు, గడ్డలు, ఒక్కోటి ఒక్కో కాలంలో, ఒక్కో లోయలో దొరుకుతుంది. ఏ తావు ఏ కుటుంబం తిరిగేదో వాళ్లలో వాళ్లకు తెలుసు. అంత అడవికీ కలిపి ఇవ్వాల్సిన సామూహిక హక్కును పక్కన పెట్టి చేతిలో ఒక పట్టా పెడితే చట్టం అమలైనట్టు కాదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38-వి సెక్షన్ మీ అధికారులకు కొట్టినపిండే. పులుల ఆవాసం నుంచి ఎవరినైనా కదిలించాలంటే ముందు వాళ్ల హక్కుల గుర్తింపు పూర్తవ్వాలి. మనుషులు, పులులు కలిసి ఉండటానికి వేరే దారి లేదని నిర్ధారించాలి. గ్రామసభ, ఆ కుటుంబాలు అన్నీ తెలిసి ఒప్పుకోవాలి. హక్కులే తేల్చకుండా సమ్మతి పత్రం ముందు పెడితే, ఏం వదులుకుంటున్నామో తెలియకుండానే వేలిముద్ర వేయించుకున్నట్టు.

ఇంకో మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మన షెడ్యూల్డ్ ప్రాంతాల జాబితా ఒకసారి తెప్పించుకుని చూడండి. అప్పాపూర్, రాంపూర్, మల్లాపూర్, బౌరాపూర్, పుల్లాయిపల్లి, సార్లపల్లి, కొల్లంపెంట, తపసిపెంట, ఇలా పేరు పేరునా రాసి ఉన్నాయి. టైగర్ రిజర్వ్ వచ్చింది 1983లో. రాజ్యాంగం రక్షణ ఇచ్చిన ఊళ్ల పేర్లే ఇవాళ తరలింపు చర్చల్లో వినబడుతుంటే మనసు ఊరుకోదు.

బయటికి వెళ్తామనే యువకులు ఉన్నారు, కాదనను. పిల్లల చదువు, ఆస్పత్రి, పని కావాలి వాళ్లకు. ఇష్టపడి వెళ్లేవాళ్లను ఎవరూ ఆపకూడదు. కానీ అడవిలో ఉన్నంతకాలం రోడ్డుకు, బోరుకు, కరెంటుకు అనుమతి లేదని చెబుతూ, బయటికి వస్తే అన్నీ ఇస్తామంటే అది ఇష్టం ఎలా అవుతుంది? బడి, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు వంటి వాటికి ఒక్కోదానికి హెక్టారులోపు అటవీ భూమిని గ్రామసభ సిఫారసుతో ఇవ్వవచ్చని అదే అటవీ హక్కుల చట్టం చెబుతోంది. అనుమతి డీఎఫ్ఓ (డివిజనల్ అటవీ అధికారి) స్థాయిలోనే అయిపోతుంది. పులికి దాంతో వచ్చే నష్టమెంత? శ్రీశైలం హైవే మీద ఎలివేటెడ్ కారిడార్‌కు ప్రతిపాదనలు కదులుతున్న అడవిలోనే పెంటకు ఒక బోరు బరువైందా?

మనుషులుంటే పులి బతకదనే మాటకు కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండలు జవాబు. అక్కడి సోలిగ గిరిజనులకు 2011లో టైగర్ రిజర్వ్ లోపలే సామూహిక హక్కులిచ్చారు. తర్వాత వచ్చిన 2014 లెక్కల్లో పులులు తగ్గలేదు, పెరిగాయి. అస్సాంలోని మానస్ కథ మనకు ఇంకా దగ్గర. బోడో ఉద్యమ హింసలో ఆ అడవి చితికిపోయింది. ఖడ్గమృగాలు తుడిచిపెట్టుకుపోయాయి. 1992లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ ప్రదేశాల జాబితాలో పెట్టింది. 2003లో ఒప్పందం కుదిరాక అడవి అంచు ఊళ్ల యువకులే గస్తీకి దిగారు, వారిలో ఒకప్పటి వేటగాళ్లూ ఉన్నారు. ఖడ్గమృగాలను మళ్లీ తెచ్చి వదిలారు. 2011లో మానస్ ఆ జాబితా నుంచి బయటపడింది. అక్కడి మనుషుల్ని నమ్మకుండా అది జరిగేది కాదు.

మన చెంచులు ఆ నమ్మకానికి తక్కువైనవాళ్లా? అడుగుజాడ చూసి ఏ జంతువు ఎటు వెళ్లిందో చెప్పేవాళ్లు మీ బేస్ క్యాంపుల్లో వాచర్లుగా పనిచేస్తూనే ఉన్నారు. ఎండాకాలం మంటలార్పేదీ వాళ్లే. 2019లో యురేనియం సర్వే మాట వచ్చినప్పుడు మొదట అడ్డం నిలబడినవాళ్లలో పెంటలవాళ్లున్నారు. ఆ సెప్టెంబర్‌లో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అంత చేసినవాళ్లు ఈ అడవి పాలనలో కూలీలుగానే మిగలడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది.

సామూహిక, ఆవాస హక్కుల దరఖాస్తులకు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ), అటవీ శాఖ కలిసి పెంటల్లోనే గ్రామసభలు పెట్టించాలి. మండల కేంద్రంలో పెట్టి కోరం చూపిస్తే కుదరదు. వయోజనుల్లో సగంమంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి, నిబంధన అదే. మంటల నివారణ, జాతర్ల రోజుల్లో రాకపోకలు, సఫారీ ఆదాయంలో వాటా, ఇవన్నీ ఆ సభల్లో తేలాలి. వాచర్లకు జీతం నెలనెలా అందాలి.

ఇదంతా పూర్తయ్యేదాకా ఎవరి దగ్గరా తరలింపు సంతకాలు తీసుకోవద్దని కలెక్టర్‌కు, టైగర్ రిజర్వ్ ఫీల్డ్ డైరెక్టర్‌కు రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. ఆ కాగితాన్ని తెలుగులో ప్రతి పెంటలో అంటించమనండి, చదవడం రానివాళ్లకు చదివి వినిపించమనండి.

ఇట్లు,
అచ్చంపేట నుంచి ఒక పౌరుడు