మోసిన భుజాలకు దండం

అందరికీ నమస్కారం. శివరాత్రితో చలి శివ శివా అంటూ వెళ్లిపోయింది, మా మౌన నడకలు కూడా ఈ ఏటికి అయిపోయాయి. ఇక వానలు వెనకపట్టేదాకా కొండెక్కం. ఈ ఖాళీలో అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని ఈ నాలుగు మాటలు రాయడమే.

నన్నెరగని వాళ్ల కోసం చెప్తాను. విశాఖలో ఒక ప్రైవేటు సంస్థలో ఇరవై ఏళ్లకు పైగా అకౌంట్స్ చూశాను. నలభై ఆరో ఏట మానేశాను. ఇప్పుడు పది మందికి మించని గుంపులతో భీమిలి తీరంలో, తొట్లకొండ మీద, అనంతగిరి కాఫీ తోటల్లో నడకలు నడిపిస్తున్నాను. ఫోన్లు సంచిలో వేసేసి పొద్దున్నే మాటల్లేకుండా నడుస్తాం. మధ్యాహ్నం ఎవరికి వాళ్లు కాసేపు రాసుకుంటారు, సాయంత్రం కూర్చుని మాట్లాడుకుంటాం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నా ఈడు వాళ్లే. పిల్లలు హాస్టళ్లకు వెళ్లిపోయిన అమ్మలు, రిటైర్మెంట్ దగ్గరపడ్డ ఉద్యోగులు, ఇంట్లో మనిషిని పోగొట్టుకుని ఇంకా తేరుకోని వాళ్లు.

వెళ్లేటప్పుడు నా చేతులు పట్టుకుని "మనసు తేలికపడిందమ్మా" అంటారు. ఆ మాట నా ఒక్కదానికే చెందదు. పది మంది నోరు మెదపకుండా మూడు గంటలు నడవాలంటే నీళ్లెక్కడ, బాత్రూమ్ ఎక్కడ, కాలు బెణికితే ఎవరు అన్న దిగులు వాళ్లకు ఉండకూడదు. ఆ దిగులంతా వాళ్ల తరఫున వేరేవాళ్లు మోస్తున్నారు. పేర్లు పెట్టొద్దని వాళ్లలో చాలామంది అన్నారు కాబట్టి పెట్టడం లేదు. చదివితే ఎవరికి వాళ్లకు తెలిసిపోతుంది.

అందరికన్నా ముందు మా అత్తయ్య గారు. ఉద్యోగం మానేస్తానంటే "నడవడానికి డబ్బులెవరిస్తారు?" అని చుట్టాలంతా అడిగారు. ఆవిడ మాత్రం అడగలేదు. ఓపికున్నన్నాళ్లు ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసిన మనిషి. 32 కిలోమీటర్లు. కొండ కింద తొలి మెట్టు, తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా రాత్రంతా నడక. "దారిపొడుగునా మజ్జిగ పోసేవాళ్లు, పులిహోర పెట్టేవాళ్లు లేకపోతే ఎంతమంది పూర్తి చెయ్యగలరే? అప్పన్న భారం చూసుకుంటాడు గానీ దాహం చూసేది ఆ పిల్లలే. నువ్వు ఆ మజ్జిగ పోసే పని చెయ్యి" అన్నారు. నా పనేంటో నాకు అంత తేటగా ఇంకెవరూ చెప్పలేదు. అత్తయ్యా, మీ మాట మీదే ఇంతదూరం వచ్చాను.

డబ్బు సంగతి చూసింది నా పాత ఆఫీసులో పక్క సీటు ఆయన. ఏడాదిన్నర ఇంటి ఖర్చు చేతిలో పడేదాకా నన్ను రాజీనామా కాగితం ముట్టుకోనివ్వలేదు. ఆరోగ్య బీమా గురించి ఆయన చెప్పిన ముక్క ఇక్కడ అందరికీ పనికొస్తుంది. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీలోంచి అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారితే, అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్, అంటే ఉన్న జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన కాలం, వృథా పోదు. ఉద్యోగం వదలకముందే ఆ అర్జీ పెట్టుకోవాలి. నాకు బీపీ ఉంది. ఈయన పట్టుబట్టి ఆ పని చేయించకపోతే ఇవాళ ఇంత నిశ్చింతగా కొండలు తిరిగేదాన్ని కాదు.

తొట్లకొండను నాకు చూపించింది రిటైరైన చరిత్ర మాస్టారు. భీమిలి రోడ్డు మీద పుట్టిపెరిగినదాన్ని, ఆ కొండ నాకు కొత్తేం కాదు. కానీ ఆయనతో వెళ్లడం వేరు. నౌకాదళం వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తున్నప్పుడు అక్కడి పాత బౌద్ధారామం బయటపడిందనీ, 1988లో పురావస్తు శాఖ పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టిందనీ చెప్పి, నన్ను నేరుగా రాతిలో తొలిచిన నీటి తొట్ల దగ్గరికి తీసుకెళ్లారు. స్తూపం తర్వాత చూద్దువుగాని, ముందు ఇది చూడమన్నారు. సముద్రం పక్కన ఎత్తయిన కొండ, తాగడానికి చుక్క దొరకని చోటు. వాననీళ్లు పట్టుకోవడానికి రెండు వేల ఏళ్ల కిందట అక్కడి బౌద్ధులు రాతిని తొలిచారు. నీళ్ల సంగతి చూసుకున్నాకే ధ్యానం కుదిరిందని ఆయన ఉద్దేశం.

బౌద్ధ భిక్షువులు అటూ ఇటూ మెల్లగా నడుస్తూ చేసే చంక్రమణం గురించి కూడా ఆయన దగ్గరే విన్నాను. దానివల్ల అయిదు లాభాలని పాళీ సుత్తాల్లో బుద్ధుడు చెప్పాడట. దూరం నడిచే ఓపిక వస్తుంది, కష్టపడే ఓపిక వస్తుంది, జబ్బులు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, నడకలో కుదిరిన ఏకాగ్రత చాలాసేపు నిలుస్తుంది. అందులో తిన్నది అరగడం కూడా ఉన్నందుకు నాకు ఎంత సంతోషం వేసిందో. మా వాళ్లకు మొదటి రోజే ఈ అయిదూ చెప్తాను, వినగానే భుజాలు వదులై నవ్వుతారు. మాస్టారూ, మీరిచ్చిన పాఠం అలా ఇంకా నడుస్తోంది.

బొబ్బలకు టేపు ఎలా వెయ్యాలో, వడదెబ్బ ముందే ఎలా పసిగట్టాలో, ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లలో ఎందుకు సరిగ్గా కలపాలో నేర్పిన నర్సు చెల్లికీ, అయిదింటికే కొండ కింద నీళ్ల క్యాన్లతో ఆటో నిలబెట్టే తమ్ముడికీ, శనాదివారాలు ఇల్లు చూసుకుంటున్న మా ఆయనకూ, పోస్టర్లు చేసిపెట్టే మా అమ్మాయికీ దండాలు.

ఇక అనంతగిరి. రాయడం మొదలుపెట్టిందే ఆ రోజు కోసం.

కాఫీ పళ్లు కోతకొచ్చిన కాలం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటికి అల్లుకున్న మిరియాల తీగల మధ్య నుంచి వరసగా నడుస్తున్నాం. పొద్దుటి మంచు ఇంకా విడలేదు. గెడ్డ, అదే కొండవాగు, దాటుతుంటే అరవై దాటిన ఒకావిడ తడిరాయి మీద కాలు జారి కూలబడ్డారు. చూస్తుండగానే చీలమండ వాచిపోయింది. కాలు కింద పెట్టలేకపోయారు. జీపు వచ్చే రోడ్డు మూడు కిలోమీటర్లు. సిగ్నల్ లేదు.

పక్క వాలులో పళ్లు కోస్తున్న కుర్రాళ్లు కేక విని వచ్చారు. ఎవరూ ఎవరికీ ఏం చెప్పుకోలేదు. ఒకడు గెడకర్ర తెచ్చాడు, ఇంకొకడు ఇంటికి పరిగెత్తి దుప్పటి తెచ్చాడు. ముడి వేసి, తమలో ఒకణ్ని కూర్చోబెట్టి బరువు ఆనుతుందో లేదో చూసి, అప్పుడు ఆవిణ్ని ఎక్కించారు. ముందొకరు, వెనకొకరు. కొంతదూరానికోసారి భుజం మారేవాళ్లు, అదీ డోలీ కదలకుండా. ఇద్దరు ఆడపిల్లలు ముందు నడుస్తూ దారిలో రాళ్లూ కొమ్మలూ తీసేశారు. డోలీలో ఆవిడ ఏడుస్తుంటే వెనక మోస్తున్న అబ్బాయి "భయపడకమ్మా, మా అమ్మనీ ఇలాగే దింపాం" అన్నాడు.

ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. మాకు అది ఒక్కరోజు కష్టం. వాళ్లు నెలలు నిండిన ఆడవాళ్లనూ, జ్వరం వచ్చిన పిల్లలనూ ఆ దారిలోనే, ఆ గెడకర్ర మీదే దింపుతారు. మనం ప్రశాంతత కోసం వెతుక్కుంటూ వచ్చే బాట వాళ్లకు ఆసుపత్రి బాట. దానికి రోడ్డు పడాలి. ఇది చదివేవాళ్లలో ఆ పని ముందుకు జరపగలిగినవాళ్లు ఎవరున్నా నన్ను అడగండి, ఊరి పెద్దలతో కూర్చోబెడతాను.

ఆవిడకు ఎముక సన్నగా చిట్లిందని తేలింది, కట్టు కట్టారు, ఇప్పుడు హాయిగా నడుస్తున్నారు. కుర్రాళ్ల చేతిలో డబ్బు పెట్టబోతే ఒక్కరూ తీసుకోలేదు. వాళ్లకు ఆ పూట కూలి పోయింది, కోసిన పళ్ల బస్తాలు తోటలోనే ఉండిపోయాయి.

ఆ ఊళ్లో మాకు వసతి ఇచ్చే కుటుంబానికీ, ఆ కుటుంబపెద్ద అయిన గిరిజన మాస్టారికీ కూడా నేను ఎంతో రుణపడ్డాను. అక్కడే ఒక చిన్న కేంద్రం కట్టుకోమని నగరంలో నాకు చాలామంది సలహా ఇచ్చారు. ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1/70 చట్టం ఎందుకొచ్చిందో మాస్టారు ఒక సాయంత్రమంతా కూర్చోబెట్టి చెప్పారు. ఆ చట్టం అలా ఉండడమే న్యాయం. వాళ్ల ఇళ్లలో అతిథులుగా ఉంటాం, వాళ్లు వండిన రాగి అంబలి, చోడి రొట్టె తింటాం, ఇవ్వాల్సింది వాళ్లకే ఇస్తాం.

పోయిన కూలి ఎలా తీర్చాలని మాస్టారినే అడిగాను. "డబ్బొద్దు. కోతల టైముకి మనుషులు చాలడం లేదు, మీవాళ్లని ఒక పూట కోతకి పంపు" అన్నారు. కాబట్టి వచ్చే కోతల కాలంలో మాతో అనంతగిరి వచ్చేవాళ్లు మొదటి పూట నడవరు, ఆ కుర్రాళ్ల తోటల్లో పళ్లు కోస్తారు. బుట్టలు వాళ్లే ఇస్తారు. ఎర్రగా పండినవే కోయాలనీ, పచ్చికాయ తెంపితే ఊరుకోమనీ ఆ ఆడపిల్లలిద్దరూ ఇప్పుడే గట్టిగా చెప్పి పంపారు.