కేసు ఉందని చూశారు, ఏమైందో కూడా చూడమనండి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మా తమ్ముడు ఫిట్టర్. గాజువాకలో ఒక కాంట్రాక్టర్ దగ్గర పని ఖాయమైంది. ఇంతలో వెరిఫికేషన్ రిపోర్టులో ఒకే లైను వచ్చింది: "కొట్లాట కేసు, 2019". కుళాయి దగ్గర బిందెల గొడవ అది. లోక్ అదాలత్‌లో రాజీ అయింది. చట్టప్రకారం రాజీ అయితే నిర్దోషిగా విడుదలైనట్టే. ఆ ఆర్డరు కాపీ వాడు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్లాడు. చేతిలోకి కూడా తీసుకోలేదు, ఇచ్చిన హెల్మెట్ మాత్రం వెనక్కి తీసుకున్నారు.

చిన్నపాటి కేసును దాచినా యజమాని మన్నించవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మావాడు దాచనే లేదండీ!

కాంట్రాక్టర్లను ఒకసారి పిలిపించండి. కోర్టు ఆర్డరు చదవకుండా ఎవరినీ పంపేయొద్దని చెప్పండి. వాడు ఇప్పటికీ ఆ కవరు దిండు కింద పెట్టుకునే పడుకుంటున్నాడు.

ఇట్లు,
ఒక అక్క