గ్రంథాలయ పాఠకుల సంఘం వార్షిక నివేదిక: గ్రాఫిక్ నవలల విభాగం, ఇతర కార్యక్రమాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం తలకెత్తుకున్న పనుల్లో పెద్దది గ్రంథాలయంలో గ్రాఫిక్ నవలలకు, అంటే వరుస బొమ్మల్లో కథ చెప్పే పుస్తకాలకు, ప్రత్యేక విభాగం ఏర్పాటయ్యేలా చూడటం. మిగతా కార్యక్రమాల్లో చాలా భాగం దాని చుట్టూ అల్లుకున్నవే కాబట్టి ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను. ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

గత సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన చర్చకు వచ్చినప్పుడు కొందరు సభ్యులు సూటిగానే అడిగారు. పిల్లలు అసలే చదవడం మానేస్తున్నారు, ఉన్న కాస్త నిధులతో బొమ్మల పుస్తకాలు కొంటే అసలు పుస్తకాల సంగతేమిటి అని. ఆ ప్రశ్నకు బదులు చెప్పాల్సిన బాధ్యత కార్యవర్గానిది. ఇవీ అసలు పుస్తకాలేనని మా అభిప్రాయం. పిల్లలను మెల్లగా "పెద్ద పుస్తకాల" దగ్గరికి తీసుకెళ్లడానికి ఇవి పనికొస్తాయని కొందరు మమ్మల్ని సమర్థించబోయారు. వారి మద్దతుకు కృతజ్ఞతలు చెబుతూనే ఆ వాదనతో మేము ఏకీభవించలేకపోయాం. బొమ్మల్లో చెప్పిన కథను చదవడమే ఒక పూర్తి చదువు. దాన్ని ఇంకో చదువుకు తొలిమెట్టుగా చూస్తే, ఆ పుస్తకాలకూ వాటిని ఇష్టపడే పాఠకులకూ మనం చిన్నపీట వేసినట్టే.

ఒక పేజీని తీసుకుని చూస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. ఒక గడిలో తలుపు గడియ మీద చెయ్యి ఉంటుంది. పక్క గడిలో ఖాళీ కుర్చీ ఉంటుంది. ఎవరు వెళ్లారు, ఎందుకు వెళ్లారు, వెళ్లి ఎంతసేపయింది అన్నవి ఆ రెండు గడుల మధ్య ఉన్న తెల్లటి సందులో పాఠకుడు తనంతట తానే కల్పించుకోవాలి. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో కామిక్స్ గురించి కామిక్స్ రూపంలోనే రాసిన పుస్తకంలో ఈ సందు చేసే పనిని విడమరిచి చెప్పాడు. సినిమాలో వేగం దర్శకుడి చేతిలో ఉంటుంది. ఇక్కడ ఎక్కడ ఆగాలో, ఏ బొమ్మను మళ్లీ వెనక్కి తిప్పి చూడాలో పాఠకుడే నిర్ణయించుకుంటాడు. మాటలు ఒకటి చెబుతూ బొమ్మ ఇంకొకటి చూపిస్తున్నప్పుడు ఏది నిజమో తేల్చుకోవాల్సిందీ అతనే. అంత పని చేయించే పుస్తకాన్ని తేలిక పుస్తకం అని ఎలా అనగలం?

పుస్తకాల ఎంపిక

ఎంపిక సంఘంలో గ్రంథాలయాధికారి, ఇద్దరు ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల ప్రతినిధి, హైస్కూలు విద్యార్థులు కూర్చున్నారు. విద్యార్థులను కేవలం సలహాకు పిలిచి వదిలేయకుండా వారికీ ఓటు ఇచ్చాం. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాల్లో రెండింటిని, అంటే ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలనీ, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలనీ చెప్పేవాటిని, ఎదురుగా పెట్టుకుని పని మొదలుపెట్టారు. ఒక్కో పుస్తకం మీద "ఇది ఎవరి చేతికి వెళ్తుంది?" అన్న ప్రశ్న వేసుకున్నారు. జవాబు దొరకని పుస్తకాలు, ఎంత పేరున్నవైనా, ఈసారికి ఆగిపోయాయి.

వచ్చినవాటన్నిటినీ ఇక్కడ ఏకరువు పెట్టలేను. జాబితా కౌంటరు దగ్గర ఉంది. కొన్నింటి గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను.

ఆర్ట్ స్పీగల్‌మన్ 'మౌస్' వచ్చింది. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడిన తండ్రి చెప్పిన అనుభవాలను, యూదులను ఎలుకలుగా, జర్మన్లను పిల్లులుగా గీసి చెప్పిన పుస్తకం ఇది. 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం అందుకుంది. ఇరాన్ విప్లవ కాలంలో పెరిగిన అమ్మాయి ఆత్మకథగా మర్జాన్ సత్రాపి గీసిన 'పర్సెపోలిస్' కూడా మన అరల్లో చేరింది. పూర్తిగా నలుపు తెలుపుల్లోనే సాగే ఆ పుస్తకం పెద్దల విభాగంలో చేతులు మారుతూనే ఉంది. జెర్రీ క్రాఫ్ట్ 'న్యూ కిడ్' 2020లో న్యూబరీ పతకం పొందింది. బాలసాహిత్యానికి ఇచ్చే ఆ పతకం ఒక గ్రాఫిక్ నవలకు దక్కడం అదే మొదటిసారి. కొత్త బడిలో ఇమడలేక అవస్థపడే పిల్లవాడి కథ కాబట్టి, బడి మారిన పిల్లలున్న ఇళ్లవారు దాన్ని తప్పక చూడాలని నా మనవి.

'భీమాయన' గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అంబేడ్కర్ ఎదుర్కొన్న అంటరానితనాన్ని గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మల్లో చెప్పిన ఈ పుస్తకం 2011లో వెలువడింది. కథను బిగువైన చతురస్రపు గడుల్లో పెట్టడానికి వారు ఒప్పుకోలేదు. గోడల మీద, నేల మీద వేసే తమ సంప్రదాయపు అల్లికలనే తీసుకుని పేజీని వంపులుగా విడదీశారు. మృదువుగా మాట్లాడేవారి మాటలు పక్షి ఆకారపు బుడగల్లో ఉంటాయి. విషం చిమ్మే మాటల బుడగకు తేలు కొండి ఉంటుంది. పాత్ర మనసులో అనుకునే మాటల దగ్గర ఒక కన్ను కనిపిస్తుంది. పఠన బృందంలో ఈ పుస్తకాన్ని చర్చించిన రోజున ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు అందరికంటే ముందు ఆ తేలు కొండిని పట్టుకుంది. "నీళ్లు ఇవ్వనన్న మాటకు కొండి ఉంది చూడండి" అని పేజీ ఎత్తి చూపించింది. అప్పటిదాకా కథా సారాంశం మీదే నడుస్తున్న చర్చ ఒక్కసారిగా బొమ్మల మీదికి మళ్లింది.

అరల అమరిక

పుస్తకాలు కొనడం ఒక ఎత్తు, వాటిని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ఎత్తు. గ్రంథాలయాలు వాడే డ్యూయీ వర్గీకరణలో కామిక్స్, గ్రాఫిక్ నవలలు అన్నీ 741.5 కిందికి వస్తాయి. అంటే చిత్రకళ పాఠ్యపుస్తకాల పక్కన. ఆ సంఖ్య పుస్తకం ఏ రూపంలో ఉందో చెబుతుంది తప్ప దేని గురించో, ఏ వయసువారికో చెప్పదు. దాంతో యుద్ధ జ్ఞాపకాల పుస్తకం, నాలుగేళ్ల పిల్లల నవ్వుల పుస్తకం భుజం భుజం కలిపి కూర్చుంటాయి. మన విభాగంలో సంఖ్యను మార్చకుండా పిల్లలు, కౌమార వయస్కులు, పెద్దలు అని మూడు చోట్ల పెట్టించాం. పుస్తకం వెన్ను మీద రంగు చీటీ చూస్తే ఏ అరదో తెలుస్తుంది. వరుస సంపుటాలకు ఒకటి, రెండు, మూడు అని పెద్ద అంకెలు అంటించాం. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, రెండో సంపుటం ముగించి ఆత్రంగా వచ్చిన పిల్లవాడికి మూడోది లేకుండా నాలుగోది కనిపిస్తే పడే నిరాశ చూసినవారికి దీని విలువ తెలుసు. పోయిన సంపుటాన్ని తిరిగి కొనడానికే కొంత నిధి పక్కన పెట్టాలన్న ప్రతిపాదన ఈ సమావేశం ముందు ఉంచుతున్నాం.

అభ్యంతరాల విషయం కూడా దాచకుండా చెప్పాలి. బొమ్మ ఉన్న పుస్తకం మీద అభ్యంతరం అక్షరాలున్న పుస్తకం మీదకన్నా తొందరగా వస్తుంది. వందల పేజీల నవలలో ఒక సన్నివేశాన్ని వెతికి పట్టుకోవాలంటే చదవాలి. బొమ్మైతే పుస్తకం తెరవగానే కంట పడుతుంది. ఇది కొత్త సంగతి కాదు. 1954లో అమెరికాలో కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయన్న ఆందోళన సెనేట్ విచారణదాకా వెళ్లింది, ప్రచురణకర్తలు తమకు తామే కఠినమైన నియమావళి విధించుకున్నారు. 2022 జనవరిలో టెనెస్సీ రాష్ట్రంలో ఒక విద్యామండలి 'మౌస్'ను పాఠ్యప్రణాళిక నుంచి తొలగించింది. ఆ పరిస్థితి మనకు రాకూడదని గ్రంథాలయాధికారితో కలిసి ఒక రాతపూర్వక పద్ధతి రూపొందించాం. అభ్యంతరం ఉన్నవారు పుస్తకం మొత్తం చదివి, ఏ పేజీ మీద ఏమి ఇబ్బందో రాసి ఇవ్వాలి. పరిశీలన సంఘం కూడా మొత్తం చదివాకే నిర్ణయం చెబుతుంది. నిర్ణయం వెలువడేదాకా పుస్తకం అరలోనే ఉంటుంది. ఈ ఆఖరి నిబంధన మీద కార్యవర్గంలో గట్టి చర్చ జరిగింది. చివరికి అందరూ ఒప్పుకున్నారు, నాకు అది చాలా సంతోషం కలిగించింది. తమ పిల్లలు ఏమి చదవాలో నిర్ణయించే హక్కు తల్లిదండ్రులకు ఎప్పుడూ ఉంది. ఊరందరి పిల్లల తరఫున నిర్ణయించే హక్కు ఏ ఒక్కరికీ లేదు.

కార్యక్రమాలు

ఈ ఏడాది నాకు అన్నిటికన్నా నచ్చిన కార్యక్రమం మాటల్లేని పుస్తకంతో జరిగింది. షాన్ టాన్ 2006లో వెలువరించిన 'ది అరైవల్'లో చదవడానికి ఒక్క వాక్యం కూడా ఉండదు. కుటుంబాన్ని వదిలి పరదేశానికి వెళ్లిన మనిషి కథ అది. అతను చేరిన నగరంలో గోడల మీద, కాగితాల మీద కనిపించే లిపి రచయిత కల్పించినది, ఈ లోకంలో ఎవరికీ రాదు. అందుచేత ఆ పుస్తకం ముందు చదువు వచ్చినవారూ రానివారూ సమానమే. సాయంత్రపు వయోజన అక్షరాస్యత తరగతివారినీ మామూలు పఠన బృందాన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి పేజీలు తిప్పాం. పెట్టె సర్దుతున్న చేతుల మీద భార్య చెయ్యి వేసిన బొమ్మ దగ్గర చాలాసేపు ఆగిపోయాం. అక్షరాలు ఇప్పుడిప్పుడే దిద్దుతున్న ఒక పెద్దావిడ ఆ పెట్టెలో చివరగా పెట్టిన కుటుంబ చిత్రాన్ని వేలితో చూపించి, అది పైన ఎందుకు పెట్టారో చెప్పింది. తెరవగానే ముందు అదే కనబడాలని. పుస్తకాలు బాగా చదివిన మాలో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. ఆవిడ ఇప్పుడు పఠన బృందానికి క్రమం తప్పకుండా వస్తున్నారు.

వినికిడి లోపం ఉన్న పాఠకుల కోసం సంకేత భాషా దుబాసీల సాయంతో జరిపిన కథా సమయానికి సెసీ బెల్ రాసి గీసిన 'ఎల్ డెఫో'ను ఎంచుకున్నాం. రచయిత్రి చిన్నతనంలోనే జబ్బు చేసి వినికిడి కోల్పోయారు. తన కథలో మనుషులందరినీ కుందేళ్లుగా గీశారు. ఆ అమ్మాయి వినికిడి యంత్రం లేకుండా ఉన్నప్పుడు ఎదుటివారి మాటల బుడగలు ఖాళీగా ఉంటాయి. బ్యాటరీ అయిపోతుంటే బుడగలోని అక్షరాలు పలచబడుతూ పోతాయి. వినపడకపోవడం ఎలా ఉంటుందో వినపడేవారికి ఇంత తక్కువ సిరాతో చెప్పవచ్చని నేను అనుకోలేదు. ఆ రోజు వచ్చిన తల్లిదండ్రుల్లో పలువురు ఆ పుస్తకాన్ని ఇంట్లో మిగతావారికి చూపిస్తామని వెంటనే తీసుకెళ్లారు. రిజర్వు చేసుకున్నవారి వరుస పెరగడంతో మరో ప్రతి తెప్పించాల్సి వచ్చింది.

వేసవి సెలవుల్లో పిల్లలకు చిట్టి పుస్తకాల తయారీ నేర్పించాం. ఒక్క కాగితాన్ని ఎనిమిది భాగాలుగా మడిచి, నడిమి మడత మీద మధ్య భాగం మాత్రమే కత్తిరిస్తే, జిగురూ కుట్టూ లేకుండా 8 పేజీల పుస్తకం అవుతుంది. బొమ్మలు వేయడం రాదన్నవారికి పుల్లల మనుషులతోనే కథ చెప్పమన్నాం. పిల్లలు తయారుచేసినవాటిని గ్రంథాలయం ఒక పెట్టెలో పెట్టి, మిగతా పుస్తకాల్లాగే పాఠకులకు ఇంటికి ఇస్తోంది. తన పుస్తకాన్ని వేరెవరో తీసుకెళ్లారని కౌంటరులో విన్నప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

పుస్తకాల మరమ్మతు శిబిరానికి వచ్చినవారు ఎక్కువగా పెద్దలే. గ్రాఫిక్ నవలలు త్వరగా దెబ్బతింటాయి. రెండు పేజీలు కలిపి గీసిన బొమ్మను పూర్తిగా చూడాలని అందరూ బలంగా విప్పుతారు, జిగురుతో అంటించిన వెన్ను విరుగుతుంది. కొత్త పుస్తకాన్ని వెన్ను మీద నిలబెట్టి, ముందు నుంచి కొన్ని, వెనక నుంచి కొన్ని పేజీల చొప్పున మెల్లగా నొక్కుతూ తెరిస్తే వెన్ను సాగుతుంది. ఇప్పుడు ప్రతి కొత్త పుస్తకాన్నీ అరలోకి పంపేముందు స్వచ్ఛంద సేవకులు ఇలా తెరుస్తున్నారు. చిరిగిన పేజీకి సెల్లోటేపు వేయవద్దని మరోసారి అందరినీ కోరుతున్నాను. దాని జిగురు కాగితంలోకి ఇంకి కొన్నేళ్లకు పసుపు మరక మిగులుస్తుంది, ఆ మరక పోదు. చిరిగిన పుస్తకాన్ని చిరిగినట్టే తెచ్చి ఇవ్వండి, జరిమానా ఉండదు. పలచటి మరమ్మతు కాగితం, గంజి జిగురుతో ఇక్కడ సరిచేస్తాం.

ఇళ్లు కదలలేని వృద్ధులకు పుస్తకాలు చేరవేసే పని, కంప్యూటర్ దరఖాస్తుల్లో సాయం, పరీక్షల కాలంలో చదువుకునే గది వేళల పొడిగింపు ఎప్పటిలాగే సాగాయి. చేరవేసే పనికి మనుషులు చాలడం లేదు. వారంలో ఒక సాయంత్రం ఇవ్వగలిగినవారు కౌంటరులో పేరు నమోదు చేసుకోవాలి.

సమావేశం ముందున్న ప్రతిపాదనలు

పాఠకులు ఇళ్లలో మాట్లాడుకునే భాషల్లోని గ్రాఫిక్ నవలలు మన అరల్లో ఇంకా తక్కువగానే ఉన్నాయి. రాబోయే ఏడాది కొనుగోళ్లలో వాటికి మొదటి స్థానం ఇవ్వాలని కార్యవర్గం కోరుతోంది. ఎంపిక సంఘంలో విద్యార్థుల ఓటును నిబంధనావళిలో శాశ్వతంగా చేర్చాలన్నది రెండో ప్రతిపాదన. పోయిన సంపుటాల నిధి గురించి పైన చెప్పాను. మాటల్లేని పుస్తకాల పఠనాన్ని నెలనెలా జరపాలని అక్షరాస్యత తరగతివారే రాసి ఇచ్చిన వినతి కూడా దీనితో జతచేశాం. తరగతిలో చేరాక వారు రాసిన మొదటి ఉత్తరం అదే. కార్యవర్గం దానికి ఏకగ్రీవంగా మద్దతు తెలిపింది, సభ్యులు కూడా ఆమోదించాలని మనవి.

గ్రంథాలయ సిబ్బందికి, దుబాసీలకు, స్వచ్ఛంద సేవకులకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఇట్లు,
కార్యదర్శి