ఒక్క పేజీలో పట్టే పన్నెండు నాణేలు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం మొన్న మంగళవారం అందింది. దానితో పాటు నువ్వు పంపిన నలభై మూడు నాణేల జాబితాను రెండుసార్లు జాగ్రత్తగా చదివాను. ఎన్టీఆర్ శతజయంతి నాణెం కొన్న నాటి నుంచి రాత్రిళ్లు భూతద్దం పట్టుకుని కూర్చుంటున్నావని చెల్లెమ్మ ఫోనులో చెప్పినప్పుడు, ఇన్నేళ్లకు నా దారిలోకి ఒక తోడు దొరికిందని నిజంగా సంతోషించాను. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలైన ఆ వంద రూపాయల నాణెం మన హైదరాబాదు టంకశాలలోనే తయారైంది. నలభై నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, సగం వెండి, అరచేతిలో పెట్టుకోగానే తెలిసే బరువు ఉన్న నాణెం అది. అటువంటిది చేతికి వచ్చాక ఇంకొకటి కావాలని మనసు లాగడం సహజమే.

అయితే నీ జాబితాతో నేను ఏకీభవించలేకపోతున్నాను. అందులో కొత్త పార్లమెంటు భవనం పేరిట వచ్చిన డెబ్బై అయిదు రూపాయల నాణెం, గురునానక్ 550వ జయంతికి వచ్చిన అయిదు వందల యాభై రూపాయల నాణెం, తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్లు నిండిన సందర్భంగా వచ్చిన వెయ్యి రూపాయల నాణెం, ఇంకా ఎన్నో వరుసగా ఉన్నాయి. అవన్నీ అందమైనవే, వాటి పనితనాన్ని నేను తక్కువ చేయను. కానీ వాటిని ఒకదానితో ఒకటి కలిపే దారం ఏదీ నీ జాబితాలో నాకు కనబడలేదు. ఏటా కొత్తవి వస్తూనే ఉంటాయి, ఒక్కొక్కదానికి వేలు పోయాలి, చివరికి బీరువా నిండా పెట్టెలు చేరతాయి కానీ సేకరణ తయారు కాదు. నాణేలు కూడబెట్టడం వేరు, ఒక వరుస కట్టడం వేరు. వరుసకు ఒక విషయం ఉండాలి, ఒక మొదలు, ఒక చివర ఉండాలి, ఇది ఇందులోకి వస్తుంది, అది రాదు అని చెప్పగల హద్దు ఉండాలి.

నీకు నేను సూచించే విషయం ఆహారం. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, ఉద్యోగమంతా అనంతపురం మెట్ట పొలాల్లో తిరిగిన నీకు ఇంతకంటే దగ్గరి విషయం ఇంకొకటి ఉండదు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1945 అక్టోబరు 16న ఏర్పడింది. మీ కళాశాల కూడా అదే సంవత్సరంలో మొదలైంది. ఆ సంస్థ తన ఆశయాలను సామాన్యుడి జేబులోని నాణేల మీదికి ఎక్కించమని దేశాలను కోరింది. మన దేశం 1970 నుంచి దాదాపు పాతికేళ్ల పాటు ఆ పని చేసింది. అవి నువ్వూ నేనూ బస్సు టికెట్టుకీ, టీకీ ఖర్చు పెట్టిన చిల్లరే. వాటి మీద ఏముందో అప్పట్లో మనం చూడలేదు.

నా వరుస మొదలైంది మా అమ్మ పూజ పెట్టెలో. మన ఇళ్లలో వరలక్ష్మీ వ్రతానికీ, లక్ష్మీ అష్టోత్తరానికీ తామర పువ్వున్న ఇరవై పైసల బిళ్లలు నూట ఎనిమిది పోగుచేసి దాచుకోవడం నీకు తెలిసినదే. అమ్మ పోయిన తరువాత ఆ ఎర్ర గుడ్డ మూట విప్పి లెక్కపెడుతూ ఉంటే, అన్నీ ఒకటి కావని మొదటిసారి గమనించాను. 1968 నుంచి 1971 వరకు వచ్చిన మామూలు బిళ్ల మీద తామర మాత్రమే ఉంటుంది. 1970, 71 సంవత్సరాల్లో వచ్చిన కొన్నింటి మీద తామరతో పాటు 'అందరికీ ఆహారం' అనే నినాదం హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. మా అమ్మ మూటలో అటువంటివి పదిహేడు ఉన్నాయి. రేకుల సందుల్లో పసుపు గట్టిగా అతుక్కుపోయి, అంచుల దగ్గర కుంకుమ నల్లబడి ఉంది. లక్ష్మీదేవికి నామానికి ఒకటి చొప్పున సమర్పించిన బిళ్లల మీద అందరికీ అన్నం దొరకాలనే కోరిక రాసి ఉందని ఆమెకు తెలిసి ఉండదు. తెలిసి ఉంటే ఎంతో మురిసిపోయేది.

ఆ రోజు నేను చేసిన ఒక తప్పును నువ్వు మాత్రం చేయకూడదని చెబుతున్నాను. పదిహేడింటిలో ఒకదాన్ని పండుగకు ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోమాను. అయిదు నిమిషాల్లో అది కొత్త ఉంగరంలా మెరిసింది. మర్నాడు ఎండలో పెట్టి చూస్తే ఉపరితలమంతా సన్నని గీతలే, యాభై ఏళ్లుగా లోహం మీద సహజంగా పట్టిన తేనె రంగు పూర్తిగా పోయింది. ఆ రంగు మళ్లీ రాదు. మిగిలిన పదహారింటినీ పసుపుతోనే ఉంచాను. అంతగా మట్టి ఉంటే మామూలు నీటిలో కాసేపు ఉంచి మెత్తని గుడ్డతో అద్దాలే తప్ప రుద్దకూడదు. నాణేన్ని ఎప్పుడూ అంచు పట్టుకునే ఎత్తాలి. చూపుడు వేలూ బొటనవేలూ ముఖం మీద పడితే ఆ ముద్ర కొన్నాళ్లకు మచ్చగా తేలుతుంది.

ఇక ఆ వరుసను సంవత్సరాల క్రమంలో చూడు. 1972లో వానలు ముఖం చాటేసి దేశంలో చాలా చోట్ల కరువు పడింది. మరుసటి సంవత్సరం వచ్చిన అర్ధరూపాయి మీద 'ఎక్కువ ఆహారం పండించండి' అని ఉంది. 1974 నాటి పది పైసల బిళ్ల కుటుంబ నియంత్రణను, ఆహారాన్ని ఒకే వాక్యంలో కలిపింది. అది అల్యూమినియంతో, అంచు వంపులు వంపులుగా, ఊదితే ఎగిరిపోయేంత తేలికగా ఉంటుంది. 1976లో 'అందరికీ ఆహారం, పని' వచ్చింది. 1978లో ఆహారంతో పాటు నీడ కూడా చేరింది. ఈ నినాదాలను పది పైసల మీద, నలుపలకల అయిదు పైసల మీద కూడా వేయడం నాకు చాలా గొప్ప విషయంగా అనిపిస్తుంది. ఆ రోజుల్లో కూలివాడి చేతిలోకీ, బడిపిల్లవాడి చేతిలోకీ తప్పక వెళ్లే డబ్బు అదే కదా. 1980లో గ్రామీణ మహిళల అభ్యున్నతి పేరుతో పావలా వచ్చింది.

తరువాత మాట మారింది. 1986 అర్ధరూపాయి మత్స్య పరిశ్రమ గురించి మాట్లాడింది, 1987 రూపాయి చిన్న రైతుల గురించి చెప్పింది. 1988 రూపాయి దగ్గరికి వచ్చేసరికి నువ్వే గుర్తుకు వచ్చావు. దాని విషయం వర్షాధార వ్యవసాయం. కళ్యాణదుర్గం వైపు వేరుశనగ చేలలో నిలబడి ఆకాశం వైపు చూసిన రోజుల గురించి నువ్వు అప్పట్లో నాకు రాసిన ఉత్తరాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఈ రూపాయి నీ జీతంలో చిల్లరగా వచ్చి ఉంటుంది. 1989లో ఆహారం పక్కన పర్యావరణం చేరింది. 1992లో రెండు రూపాయల మీద భూమి జీవనాధారమని, 1994లో అదే పదకొండు పలకల రెండు రూపాయల మీద నీరే జీవమని వచ్చాయి. ధాన్యం ఎక్కువ పండించమని మొదలుపెట్టిన దేశం ఇరవై ఏళ్లలో నేలనూ నీటినీ కాపాడుకోమనే దగ్గరికి చేరింది. నేను చెప్పిన వాటిని లెక్కపెట్టుకుంటే 1970తో కలిపి పన్నెండు అవుతాయి. పన్నెండు గదుల ఆల్బం పేజీ ఒక్కటి చాలు. నా పేజీని మా మనవరాలి ముందు పెట్టి ఎడమ నుంచి కుడికి వేలు పెట్టి చదివించాను. అది మూడో వరుసకు వచ్చేసరికి, "తాతయ్యా, ఇప్పుడు అన్నం అయిపోయి నీళ్ల సంగతి వచ్చింది" అంది.

ఈ విషయం మీద ఇంకా ఎనిమిదీ పదీ నాణేలు ఉన్నాయి. 1993 నాటి జీవ వైవిధ్యం, 1996 నాటి పంటల శాస్త్ర సమావేశం వంటివి రెండో పేజీకి ఉంచుకో. మొదటి పేజీకి మాత్రం హద్దు గట్టిగా గీసుకో: జనం వాడిన చిల్లర నాణేలే, నినాదానికి ఒక్కటే, అది కూడా అక్షరాలు స్పష్టంగా చదవగలిగేది. అదే సంవత్సరాల్లో టంకశాల సేకర్తల కోసం పది, యాభై, వంద రూపాయల నాణేలతో ప్రత్యేక సెట్లు కూడా వేసింది. వాటి జోలికి ఇప్పుడే వెళ్లవద్దు.

తేదీ కింద చుక్క ఉంటే నోయిడా, వజ్రం గుర్తు ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాదు, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా టంకశాల అని ముందే నేర్చుకో. ప్రతి నాణెం ప్రతి టంకశాలలో తయారు కాలేదు. అందుచేత నాలుగు గుర్తులూ కావాలని పట్టుబడితే పన్నెండు కాస్తా అంతులేకుండా పెరుగుతుంది. నాకు మాత్రం నక్షత్రం కనబడితే మనసు ఆగదు. 1803లో నిజాం కాలంలో పుట్టి, 1903లో సైఫాబాదుకూ, 1997లో చర్లపల్లికీ మారిన టంకశాల గుర్తు అది. సైఫాబాదు పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. నువ్వు వచ్చినప్పుడు ఒక పూట అక్కడే గడుపుదాం.

కొనడం గురించి రెండు మాటలు చెప్పాలి. 2011 జూన్ 30 నుంచి పావలా, అంతకంటే చిన్న నాణేలు చెల్లుబాటు కాకుండా పోయాయి. ఆ నెలంతా మా బ్యాంకు కౌంటరు ముందు జనం గుడ్డసంచులతో చిల్లర తెచ్చి నిలబడ్డారు. అప్పుడు మార్చుకోకుండా ఇళ్లలో మిగిలిపోయిన బిళ్లలు ఇప్పటికీ డబ్బాల అడుగున ఉన్నాయి, అందుకని ముందు బంధువుల ఇళ్లలో అడుగు. తరువాత ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల నడుమ కూర్చునే చిల్లర వ్యాపారుల దగ్గర వెతకవచ్చు. ఇంట్లో కూర్చుని ఫోటో చూసి తెప్పించుకోవడం నాకు ఒకసారి చేదు అనుభవం మిగిల్చింది. అసలు వాడని నాణెమని చెప్పి ఒక అమ్మకందారు పంపిన 1973 అర్ధరూపాయి, ఏదో మందుతో మెరుగుపెట్టినదని పెట్టె తెరవగానే తెలిసిపోయింది. అతను తిరిగి తీసుకోలేదు. పాత అయిదు రూపాయల నాణేనికి లక్షలు ఇస్తామనే ప్రకటనలను అసలు నమ్మవద్దు. తమ పేరు వాడుకుని కమీషన్లు, రుసుములు అడిగే మోసగాళ్ల గురించి రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక జారీ చేసింది.

దాచడానికి మెత్తగా వంగే చౌక ప్లాస్టిక్ కవర్లు వద్దు; వాటి నుంచి కొన్నేళ్లకు పచ్చని జిగురు పదార్థం నాణెం మీదికి దిగుతుంది. నాణేన్ని మధ్యలో పెట్టి మడిచే అట్ట హోల్డర్లు తెచ్చుకుని, స్టేపుల్ పిన్ను నాణేనికి తగలకుండా నాలుగు వైపులా కొట్టు. అల్యూమినియం బిళ్లలకు తేమ శత్రువు, తెల్లని పొడి పట్టి తినేస్తుంది. మీ వైపు వానాకాలంలో పెట్టెలో సిలికా జెల్ పొట్లం తప్పనిసరి. హోల్డరు వెనుక సంవత్సరం, టంకశాల, ఎవరి దగ్గర ఎప్పుడు దొరికింది అనే మూడు వివరాలూ పెన్సిలుతో రాయి. మా అమ్మ బిళ్ల వెనుక నేను 'అమ్మ పూజ పెట్టె' అని మాత్రమే రాసుకున్నాను.

ఈ కవరులో రెండు నాణేలు పెట్టాను. ఒకటి పసుపు పోని ఇరవై పైసల బిళ్ల, అమ్మ మూటలోదే. రెండోది వర్షాధార వ్యవసాయపు రూపాయి. మిగిలిన పదీ నువ్వే వెతుక్కోవాలి. 1973 అర్ధరూపాయి మీ నాన్నగారి ట్రంకు పెట్టెలో ఉండవచ్చని నా అనుమానం. ఆయన విత్తనాల రసీదులతో పాటు చిల్లర కూడా అందులోనే వేసేవారు కదా. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు అడుగుదాకా చూసి, ఉన్నదీ లేనిదీ వెంటనే రాయి.

నీ స్నేహితుడు