"చాలా" అంటే ఎన్ని?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన అక్టోబరులో అమెరికాలో, పెన్సిల్వేనియాలో ఉండే మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఒక ఆదివారం, వలస పోయే గద్దల్ని లెక్కపెట్టే హాక్ మౌంటెన్ అనే కొండకు తీసుకెళ్లారు. పైన అంతా బండరాళ్లు, కింద లోయ. ఈశాన్యంగా గుట్టలు వరుసగా కనిపిస్తాయి. వాటికి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు పెట్టుకున్నారు. "రెండో గుట్ట మీద ఒకటి!" అని ఎవరో అనగానే అందరి బైనాక్యులర్లూ అటు తిరుగుతాయి. వాయవ్యం గాలి కొండకు తగిలి పైకి లేస్తుంటే, దక్షిణానికి పోయే గద్దలు, డేగలు రెక్క ఆడించకుండా ఆ గాలి మీదే జారిపోతున్నాయి. పక్షుల్ని దగ్గరికి రప్పించడానికి కర్రకు కట్టిన ప్లాస్టిక్ గుడ్లగూబ మీదికి ఒక చిన్న డేగ దూకితే మా మనవరాలు కేక పెట్టింది.

ఏ జాతి, ఎన్ని, ఏ గంటలో వెళ్లాయి, గాలి ఎటు వీస్తోంది, అన్నీ అక్కడివాళ్లు రాస్తారు. ఆగస్టు 15 నుంచి డిసెంబరు 15 దాకా రోజూ ఇదే పని. ఒకప్పుడు ఆ కొండ మీదే జనం తుపాకులతో వందల పక్షుల్ని కాల్చి పడేసేవారట. 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ కొండను లీజుకు తీసుకుని మారిస్ బ్రౌన్‌ను కాపలా పెట్టారు. ఆయన వేట ఆపించడంతో సరిపెట్టుకోలేదు, పక్షుల్ని లెక్కపెట్టి రాశారు. 1935-39 మధ్య కనబడిన తెల్లతల గద్దల్లో నూటికి నలభై పిల్ల పక్షులే. 1955-59కి అవి ఇరవైకి పడిపోయాయి. పురుగుమందుల మీద 1962లో రాసిన పుస్తకంలో అమెరికా రచయిత్రి రేచల్ కార్సన్ ఈ లెక్కలే సాక్ష్యంగా చూపించారు. 1972లో అక్కడ డీడీటీ అనే పురుగుమందును నిషేధించారు.

దిగి వస్తుంటే మనవరాలు అడిగింది: "అవ్వా, మీ ఊళ్లో ఎన్ని వచ్చేవి?"

"చాలా వచ్చేవి" అన్నాను. ఆ మాట అప్పటినుంచీ నన్ను వదల్లేదు.

మాది నందికొట్కూరు. దగ్గర్లోని రోళ్లపాడు గడ్డి మైదానాలకు చలికాలంలో పిల్లిగద్దలు మధ్య ఆసియా నుంచి వస్తాయి. పగలంతా మిడుతల కోసం బీళ్ల మీద తక్కువ ఎత్తులో తిరుగుతాయి. పొద్దు గూకే వేళకు ఒక్కొక్కటే వచ్చి గడ్డిలో, నేల మీదే పడుకుంటాయి. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో సాయంత్రాలు నిలబడి చూసేదాన్ని. ఆకాశం నిండా ఉండేవి. చేతిలో పెన్నుంది, సంచిలో నోటు పుస్తకం ఉంది, సైన్సు చెప్పేదాన్ని కూడా. ఒక్క సాయంత్రం లెక్క కూడా రాయలేదు. తర్వాత బీళ్లు దున్ని పత్తి వేశారు, మందులు కొట్టారు. పక్షులు తగ్గాయని పరిశోధకులు చెబుతున్నారు, నా కళ్లకూ తెలుస్తోంది. కానీ నా దగ్గరున్నది జ్ఞాపకమే, ఎవరికి చూపించను? గడ్డి నేలల్లో తిరిగే పెద్ద పక్షులైన బట్టమేక పిట్టల కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు బట్టమేకను చూడడమే గగనం.

అటవీ శాఖ, విద్యా శాఖ అధికారులకు ఒక విన్నపం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, నెలకు ఒక సాయంత్రం, చుట్టుపక్కల ఊళ్ల ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని రోళ్లపాడుకు తీసుకెళ్లండి. గడ్డిలోకి దిగనివ్వకుండా దూరంగా కూర్చోబెట్టి, చీకటి పడేలోపు దిగిన పిల్లిగద్దలెన్నో రాయించండి. తేదీ, టైము, సంఖ్య చాలు. ఏటా అదే చోటు, అదే వేళ కావాలి. ఖర్చు బస్సుకే. అనుమతిస్తే ఆ నాలుగు సాయంత్రాలూ పిల్లలతో పాటు నేనూ వస్తాను.

- విశ్రాంత సైన్సు ఉపాధ్యాయిని,
నందికొట్కూరు, నంద్యాల జిల్లా