సాయంత్రం ఆరున్నరకు జిమ్‌కి వచ్చేవాళ్లకు

అందరికీ నమస్కారం. కనుమ వెళ్లిన దగ్గర్నుంచి మన జిమ్‌లో సాయంత్రం పూట కాలు పెట్టడానికి చోటు ఉండటం లేదని చాలామంది నాతో అన్నారు. కొందరు మెసేజ్ పెట్టారు, ఒకరిద్దరు కోపంగానే అడిగారు. అడగడంలో న్యాయం ఉంది. డిసెంబరులో ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య ముప్పై, ముప్పై అయిదు మంది ఉండేవాళ్లు. ఈ సోమవారం, 19వ తేదీన, నేనే తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. ఏడుంబావుకి 68 మంది ఉన్నారు. మనకున్నది ఒక్క స్క్వాట్ రాక్ (బరువుల బార్ భుజాన పెట్టుకుని బస్కీలు తీసే స్టాండు), రెండు బెంచీలు, మూడు ట్రెడ్‌మిల్స్. వాటిలో ఒకటి పది రోజులుగా రిపేరులో ఉంది.

మన గుంటూరులో కొత్త ఏడాది రద్దీ ఒకటో తారీకున రాదు. అందరూ పండగ అయ్యాక వస్తామంటారు. అరిసెల డబ్బా ఖాళీ అయ్యాక, ఊళ్ల నుంచి తిరిగొచ్చాక, మాల వేసుకున్న స్వాములు మాల తీశాక అందరూ ఒకే వారంలో వస్తారు. ఇది ఏటా ఉండేదే. కానీ ఈసారి ఇంత రద్దీకి పండగ కారణం కాదు, నేను పెట్టిన ఆఫర్ కారణం.

జరిగింది దాచకుండా చెబుతాను. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ ఫీజు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 1,500 రూపాయల నెల ఫీజుకు మీరు 1,770 కట్టేవాళ్లు, ఇప్పుడు 1,575 కడుతున్నారు. అది మీకు మంచిదే, నాకూ సంతోషమే. అయితే ఆ 5 శాతంతో పాటు ఇన్‌పుట్ క్రెడిట్ పోయింది. అంటే అద్దె మీద, కొనే మెషీన్ల మీద నేను కట్టే జీఎస్టీ ఇదివరకు లెక్కలో సర్దుబాటు అయ్యేది, ఇప్పుడది పూర్తిగా నా ఖర్చే. డిసెంబరులో బిల్డింగ్ ఓనరు గారు అద్దె కూడా పెంచారు. ఒకేసారి కొంత డబ్బు చేతిలో పడాలని ఏడాది ప్యాకేజీ 9,999 అని ఆఫర్ పెట్టాను. డిసెంబరు 25 నుంచి కనుమ దాకా 112 మంది చేరారు. ఈ హాలు అంతమందికి సరిపోదని నాకు తెలుసు. తెలిసీ ఆపలేదు.

ఎందుకు ఆపలేదో కూడా చెప్పాలి. ఏడాదికి కట్టినవాళ్లలో చాలామంది ఫిబ్రవరి, మార్చి కల్లా మానేస్తారని, చోటు దానంతటదే ఖాళీ అవుతుందని ఈ వ్యాపారంలో ఒక లెక్క ఉంది. బయటికి ఎవరూ అనరు కానీ ఆఫర్లన్నీ దాని మీదే నడుస్తాయి. నేనూ ఆ లెక్కే వేసుకున్నాను. డబ్బు తీసుకుని, మీరు రాకూడదని లోపల కోరుకోవడం అది. అది తప్పు. కొత్తవాళ్లకీ, మూడు నాలుగేళ్లుగా నన్ను నమ్ముకుని వస్తున్న పాతవాళ్లకీ క్షమాపణ చెబుతున్నాను.

ఆ తప్పు నాకు తెలిసొచ్చింది ఒక్క మనిషి వల్ల. యాభై దాటిన ఒకాయన, షుగర్ ఉంది, డాక్టరు చెప్పారని చేరారు. మూడో రోజు బెంచీ మీద కూర్చుని డంబెల్స్‌తో చేస్తుంటే మన పాత సభ్యుల్లో ఒక తమ్ముడు, "అంకుల్, ఇలాంటివి ఇంట్లో చేసుకోవచ్చుగా, బెంచీ కావాలి మాకు" అన్నాడట. ఆయన ఏమీ అనకుండా డంబెల్స్ స్టాండులో పెట్టి వెళ్లిపోయారు. నాలుగు రోజులు రాకపోతే నేనే ఫోన్ చేశాను. "మీ కుర్రాళ్ల తప్పేం లేదు బాబూ, అక్కడ నేను అడ్డం అనిపించింది" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదకొండేళ్ల కిందట ఈ జిమ్ తెరిచింది ఆయన లాంటివాళ్ల కోసమే. ఆ తమ్ముడితో మాట్లాడాను, బాధపడ్డాడు. ఆయన ఇంటికి వెళ్లి సారీ చెప్పొచ్చాడు.

పాతవాళ్లకు నా మనవి ఒక్కటే. మీరూ ఒక జనవరిలోనే వచ్చారు. బార్ పట్టుకోవడం కూడా తెలియక అద్దంలో పక్కవాళ్లను చూస్తూ చేసిన రోజులు మీకూ ఉన్నాయి. కొత్తవాళ్లు తప్పుగా చేస్తుంటే నవ్వొద్దు, వీడియో అసలే తీయొద్దు. వెన్ను విరిగేలా ఎత్తుతుంటే తప్ప మీరు వెళ్లి పాఠం చెప్పనూ వద్దు, ట్రైనర్‌ని పిలవండి.

ఇక రాక్ సంగతి. అసలు టెన్షన్ అంతా దాని దగ్గరే. బరువు స్క్వాట్స్ చేసేటప్పుడు సెట్టుకీ సెట్టుకీ (ఆపకుండా చేసే ఒక్కో విడతకీ) మధ్య రెండు మూడు నిమిషాలు విశ్రాంతి కావాలి, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ రెండు మూడు నిమిషాలూ బార్ ఊరికే ఉంటుంది. ఒక్కరే పట్టుకుని అయిదు సెట్లు చేస్తే ఇరవై అయిదు నిమిషాలు, ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా అయిదుగురికి మించి అందదు. అదే ముగ్గురు కలిసి వంతులేసుకుంటే నలభై నిమిషాల్లో ముగ్గురిదీ అయిపోతుంది, అదే రెండు గంటల్లో తొమ్మిది మంది చేసుకుంటారు. "అన్నా, మధ్యలో నేనొక సెట్ వేసుకోనా?" అని అడగండి. అడిగితే కాదనకండి. ప్లేట్లు మార్చడం కష్టమనిపిస్తే ముగ్గురూ కలిసి మారిస్తే అర నిమిషం పని. ఫోన్ చూసుకోవాలంటే లేచి పక్కన నిలబడి చూసుకోండి, బెంచీ మీద కూర్చుని కాదు. ఒక్కోసారి ఫోన్‌లో పడితే మూడు నిమిషాలు ఎనిమిది అవుతాయి, ఆ సంగతి మనకే తెలియదు.

దించిన బరువులు తిరిగి వాటి చోట పెట్టడం గురించి ఎన్నిసార్లు చెప్పానో. పోయిన వారం లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టే మెషీన్) మీద ఎవరో 20 కిలోల ప్లేట్లు ఎనిమిది వదిలేసి వెళ్లారు. తర్వాత వచ్చింది మొదటి వారంలో ఉన్న ఒక అమ్మాయి. ఖాళీ మెషీన్ మీద చేయాల్సిన అమ్మాయి 160 కిలోలు ఎలా దించుతుంది? ఎవరినీ అడగలేక వేరే మెషీన్‌కి వెళ్లిపోయింది. బార్‌కి ఒకవైపు ప్లేట్లన్నీ తీసేసి రెండోవైపు వదిలేస్తే ఇంకా ప్రమాదం, బార్ తిరగబడి ఎవరి కాలి మీదైనా పడుతుంది. మన పాత తాలింఖానాల్లో, అంటే అప్పటి వ్యాయామశాలల్లో, గదలు తిప్పినవాడే వాటిని గోడకు ఆనించి పెట్టి వెళ్లేవాడు. మా తాతగారు దండీలు, బస్కీలు నేర్చుకున్న చోట అది చెప్పి చేయించే పని కాదట.

టవల్ తెచ్చుకోండి, బయట తిరిగిన బూట్లతో లోపలికి రావద్దు. ఈ రెండూ ఇంతకుమించి చెప్పక్కర్లేదు.

ఇంకో మాట విన్నాను, అది మనసుకి కష్టం కలిగించింది. "ఆడవాళ్లకి బార్‌బెల్ ఎందుకు, సైకిల్ తొక్కుకోవచ్చుగా" అని ఎవరో అన్నారట. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర వూసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌ వెయిట్‌లిఫ్టింగ్‌లో స్నాచ్ (ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చారు. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. రిసెప్షన్ వెనక గోడ మీద ఆ ఫొటో ఊరికే పెట్టలేదు నేను. ఈ జిమ్‌లో రాక్ ముందొచ్చినవాళ్లది, అంతే.

కొత్తవాళ్లకు రెండు మాటలు. పండగకు తిన్నదంతా మొదటి వారంలోనే కరిగించాలని చూడకండి. ఒళ్లు నొప్పులు చేసిన రోజు కంటే మర్నాడు, మూడో రోజు ఎక్కువ ఉంటాయి, అది మామూలే. కానీ అలవాటు లేని ఒళ్లుతో తొలిరోజే వందల బస్కీలు తీస్తే కండరం దెబ్బతిని ఆ ప్రభావం కిడ్నీల మీద పడే ప్రమాదం ఉంది. నొప్పి భరించలేనట్టుగా ఉండి, మూత్రం డికాక్షన్ రంగులో వస్తే నాకు ఫోన్ చేయడం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ప్రోటీన్ పౌడర్ ఏది కొనాలని రోజూ అడుగుతున్నారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పింది. గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు తినండి. మన కౌంటర్‌లో ఉన్న పౌడర్ డబ్బాలు తీసేస్తున్నాను, ఇకపై అమ్మను.

ఇప్పుడు నేను చేస్తున్నవి. ఫిబ్రవరి నెలాఖరు దాకా కొత్త అడ్మిషన్లు లేవు, మీ చుట్టాలకోసమైనా అడగొద్దు. ఆఫర్‌లో చేరి, ఈ రద్దీలో కుదరదనుకున్నవాళ్లు జనవరి 31 లోపు చెబితే వచ్చిన రోజులకు మాత్రం పట్టుకుని మిగతా డబ్బు వెనక్కి ఇస్తాను. రాలేకపోయిన నెలలు, రెండు దాకా, ప్యాకేజీ చివర్లో కలుపుతాను. రెండు వారాలు వరసగా రాకపోతే నేనో, ట్రైనరో ఫోన్ చేస్తాం. విసుక్కోకండి, మీరు రావాలనే చేస్తాం. ట్రెడ్‌మిల్ సాయంత్రం రద్దీలో ఇరవై నిమిషాలు. రీల్స్ తీసుకునేవాళ్లు ఎనిమిదిన్నర దాటాక తీసుకోండి, పక్కవాళ్లు అందులో పడకుండా. ఇన్నాళ్లూ ఉదయం పదింటికి మూసే హాలు వచ్చే సోమవారం నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా తెరిచే ఉంటుంది. షాపులు, ఇళ్లు చూసుకునేవాళ్లు ఆ టైముకి మారగలిగితే ఉద్యోగాల నుంచి నేరుగా వచ్చేవాళ్లకు కాస్త ఊపిరాడుతుంది.

ఆ పెద్దాయన బుధవారం నుంచి మళ్లీ వస్తున్నారు, ఉదయం పదకొండింటికి. హాలు మామూలుగా తెరిచేదాకా నేనే వచ్చి తాళం తీస్తున్నాను.

రెండో స్క్వాట్ రాక్‌కి అడ్వాన్స్ ఇచ్చాను. 30వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకు ట్రాలీ ఆటోలో వస్తుంది. మెట్ల మీద నుంచి పైకి చేర్చాలి, ఇద్దరి వల్ల అయ్యేది కాదు. ఆ రాత్రి ఓ అరగంట ఉండగలిగినవాళ్లు రిసెప్షన్‌లో పేరు రాయించండి, టీ నేను పెట్టిస్తాను.